కంచెకు ఆవల పండిన వరి

జనగామలో బస్సెక్కి సూర్యాపేట దారిన కొంతదూరం పోయి, మలుపు దగ్గర దిగి మట్టిబాట పట్టి నడిస్తే కనకయ్య ఊరు వస్తుంది. ఆ ఊరికి చెప్పుకోదగిన పేరేమీ లేదు గాని, ఆ ఊళ్ళో కనకయ్యకు మాత్రం గొప్ప పేరున్నది. అది ఆయన భూమి వల్ల వచ్చినది కాదు. ఉన్నది రెండెకరాల చిల్లర మాగాణి. చదువు వల్ల వచ్చినదీ కాదు. ఆ సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తరు. ఆ పేరు ఆయన చేసిన నియమాల వల్ల వచ్చినది.

పెళ్లి పందిట్లో భోజనాల బంతి ఏ మూల నుంచి మొదలుకావాలో, చేతిపంపు దగ్గర బిందెలు ఏ వరుసన నిలవాలో, చావు ఇంటి ముందు చెప్పులు ఎటు తిప్పి విడవాలో ఎవరూ అడుగకముందే నిర్ణయించి ప్రకటించగల దిట్ట కనకయ్య. ఇంత చేసినా ఆయనకు ఏ పదవీ లేదు. ఒకసారి వార్డు మెంబరుగా నిలబడ్డాడు. లెక్క తేలేసరికి, ఆయనకు పడిన ఓట్లు ఆయన ఇంటి ఓట్ల కన్నా ఒకటి తక్కువయ్యాయి. ఆ ఒక్కటి ఎవరిదని అడిగితే భార్య సాయమ్మ, “నా కండ్లు మసకలాయె. ఏ గుర్తు మీద గుద్దిన్నో ఏమో” అని చాట తీసుకొని వాకిట్లోకి పోతుంది. బియ్యంలోని మట్టిబెడ్డను గుమ్మంలో నిలబడి గుర్తుపట్టే కండ్లు అవి.

అటువంటి కనకయ్య జీవితంలోకి కరోనా ఏడాది వచ్చింది.

బస్సులు నిలిచిపోయాయి. జనగామ అంగడి మూతబడింది. పట్నం నుంచి కాలినడకన సొంత ఊళ్ళకు పోయేవారు పెద్దరోడ్డు మీద గుంపులు గుంపులుగా కనిపించసాగారు. రోజూ టీవీలో చావుల లెక్క విని ఊరు ఊరంతా బిక్కచచ్చిపోయింది. చుట్టుపక్కల పల్లెలన్నీ బాటలకు అడ్డంగా ముళ్ళకంప వేసుకుంటున్నాయని తెలిసి, ఈ ఊరివారు కూడా కంచె వేద్దామనుకున్నారు. ఎక్కడ వేయాలి, ఎట్లా వేయాలి అనే ప్రశ్న పుట్టగానే అందరి చూపులూ కనకయ్య వైపు తిరిగాయి. మనిషి జన్మెత్తినందుకు ఒకసారైనా అటువంటి క్షణం రావాలి. కనకయ్యకు అది అరవయ్యో పడిలో వచ్చింది.

ఆయన బాట పొడవునా నడిచి చూశాడు. వాగు మీది కల్వర్టుకు ఈవల, వేపచెట్టు నీడలో ఒక సిమెంటు బెంచీ ఉన్నది. అక్కడ కూర్చుంటే బాట రెండు వైపులా కనిపిస్తుంది. వీపుకు చెట్టు ఆనుతుంది. నడుమునొప్పి మనిషికి అంతకన్నా గొప్ప కాపలా చోటు భూమ్మీద దొరకదు. “గిక్కడనే” అని కర్రతో గీత గీశాడు. సర్కారుతుమ్మ కొమ్మలు నరికి తెచ్చి ఆ గీత మీద నిలువెత్తున పేర్చారు. కంచెకు ఆవల ఒక కుండలో నీళ్ళు, ఒక గ్లాసు పెట్టించాడు, దారిన పోయేవారి కోసం. అది కూడా ఆయన నియమమే. దానిని ఊళ్ళో ఎవరూ ఎగతాళి చేయలేదు.

అసలు నియమం మాత్రం ఒక్కటే. కంచె దాటిన మనిషి రెండు వారాలు ఆవలనే ఉండాలి. ఆ నియమానికి మొదట తగిలినవాడు సోమనర్సయ్య గౌడు. అతని తాటిచెట్లు కల్వర్టు అవతలి గట్టున ఉన్నాయి.

“కనకయ్యన్నా, నేను ఏ ఊరికీ పోతలేను. తాటిచెట్ల కాడికి పోతున్న. ఆడ మనిషి వాసనే ఉండదు” అన్నాడు సోమనర్సయ్య, చెట్టెక్కే మోకు భుజాన వేసుకొని.

“చెట్టుకు రోగం లేకపోవచ్చు నర్సూ. బాటకు ఉండొచ్చు.”

“బాట ఎట్ల దగ్గుతదే?”

“నీకు నవ్వులాటగున్నది. దాటినోడు ఎవడైనా రెండు వారాలు ఆవల్నే. ఎవడైనా అంటె ఎవడైనా.”

సోమనర్సయ్య ఆయనను కాసేపు జాలిగా చూసి, “నీ ఇష్టమే అన్నా. మాట మీద ఉండు మరి” అని మోకు దించాడు. ఊరికి కల్లు బందయింది. అందువల్ల ఎందరి మనస్సులు ఎంత కుమిలాయో చెప్పడానికి ఇక్కడ చోటు చాలదు.

రెండు మూడు రోజులు గడిచాయి. మధ్యాహ్నం పూట సాయమ్మ బెంచీ దగ్గరికి మజ్జిగ తెచ్చింది. ఆయన గ్లాసెత్తి తాగబోతుండగా కంచె వైపు చూస్తూ నిలబడింది.

“ఏమయ్యా, ఒకటి అడుగుత. కోపం జెయ్యవు గద?”

“అడుగు.”

“మన పొలం ఏ దిక్కున్నది?”

గ్లాసు కనకయ్య పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఆయన మెల్లగా తల తిప్పాడు. తుమ్మముళ్ళ సందులోంచి, కల్వర్టుకు అవతల, తాత చేతి మీదుగా వచ్చిన తన మడి పచ్చగా, నిండుగా, ఈనబోతూ పొట్టమీద ఉండి గాలికి ఊగుతున్నది. ఆ ఊరివారిలో వాగు దాటి పొలమున్న రైతు ఆయన ఒక్కడే. తక్కినవన్నీ పక్క ఊరివారి మళ్ళు.

గీత గీసిననాడు నీడ చూశాడు, నడుము చూశాడు, బాట చూశాడు. పొలం మాత్రం చూడలేదు.

“కొమ్మలు గుంజేటప్పుడే నాకు తోచింది” అన్నాడు దూరంగా రచ్చమీద కూర్చున్న సోమనర్సయ్య, ఎవరూ అడుగకుండానే. “పెద్దమనిషివి, లోపల ఏదో ఆలోచన పెట్టుకున్నవేమో అనుకున్న.”

“నాలుగు కొమ్మలు గుంజి మన మడికి అవతల ఏస్తె అయిపాయె” అన్నది సాయమ్మ.

కనకయ్య తన మడిని ఇంకోసారి చూసుకున్నాడు. తరువాత నిదానంగా అన్నాడు. “ఊరి కోసం పెట్టిన కంచె నా మడి కోసం జరిపితే, ఇగ నర్సయ్య తాటిచెట్ల కోసం జరపమంటడు. ఇంకొకడు ఇంకొకటంటడు. గప్పుడు గది కంచె గాదు, దొడ్డి తడక.”

ఆ మాటలో న్యాయమున్నది. సాయమ్మ గ్లాసు తీసుకొని పోయింది.

పొలం కొన్నాళ్ళు కనకయ్య లేకుండానే బతికింది. బావి మోటారుకు ఆటో స్టార్టరు ఉన్నది; కరెంటు వస్తే అదే తిరిగి అదే నీళ్ళు పెట్టుకుంటుంది. మనిషి అవసరం లేదని ఒక యంత్రం అంత నిర్మొహమాటంగా చెప్పడం ఆయనకు కొంత బాధ కలిగించింది గాని, మేలే జరిగింది. ఆయన రోజూ బెంచీ మీద కూర్చొని, ముళ్ళ సందులోంచి తన వరిని, పిల్లనిచ్చిన ఊరి వైపు చూసే తండ్రిలాగా చూసుకునేవాడు. పచ్చ తిరిగి పసుపైంది. పసుపు తిరిగి బంగారమైంది. కంకి గొలుసులు బరువెక్కి వంగాయి.

అప్పుడు రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. వరికోత మిషను వాగు అవతల పక్క ఊరివారి మళ్ళు కోస్తున్నది. ఆ పని ముగియగానే మహబూబాబాద్ వైపు పోతుంది, మళ్ళీ ఎప్పుడు వచ్చేదీ తెలియదు. రెండోది, రాళ్ళవాన పడే సూచన ఉన్నదని టీవీలో చెప్పారు. వంగిన గొలుసు మీద రాళ్ళు పడితే గింజ మట్టిలో కలుస్తుంది. ఆ మడే ఆ ఇంటి యాసంగి పంట. ఏడాది తిండి, వచ్చే వానాకాలం విత్తనం, ఎరువు, సమస్తం దాని మీదనే.

కొడుకు దిలీప్ పోవలసినవాడే. జనగామలో మోటార్లు బాగుచేసే కొట్టులో పనిచేసే దిలీప్, కొట్టు మూతబడి ఇంటికి వచ్చిన వారానికే వాలీబాల్ ఆడబోయి చీలమండ బెణికించుకున్నాడు. కాలికి పసుపుకట్టు వేసుకొని మంచం మీద ఉన్నాడు. కోడలు గీతాంజలి ఇల్లు, బర్రె, మొగుడు, మూడింటినీ సంబాళిస్తున్నది. వాటిలో బర్రెతోనే సులువని ఆమె అభిప్రాయం.

“బాపు, నువ్వు చేసిన రూలే గద” అన్నాడు దిలీప్ పడుకునే. “రైతులకు మాఫీ అని ఇంకో రూలు చెయ్యి.”

కనకయ్య ముఖంలో క్షణకాలం ఆశ మెరిసింది. ఆయన భార్య వైపు చూశాడు.

“చెయ్యి” అన్నది సాయమ్మ. “కల్లు గీసేటోడు ఆగవల్సిందేనట, వరి కోసేటోడు పోవచ్చునట. నర్సయ్య నిన్ను సచ్చేదాంక యాది జేస్తడు. నీ పాడె మోసేటప్పుడు గూడ జేస్తడు.”

మరునాటి పొద్దున కనకయ్య బొంత, చెంబు, మోకాలినొప్పి గోలీలు, ఫోను, చార్జరు మూట కట్టుకొని కంచె దగ్గర నిలబడ్డాడు. నలుగురూ పోగయ్యారు. ముక్కుకు తువ్వాల చుట్టి, గొంతు సవరించి, తాను కంచె దాటుతున్నానని, రెండు వారాలు పొలం దగ్గరి మోటారు కొట్టంలోనే ఉంటానని, తన విషయంలో ఎవరూ మొహమాటపడరాదని ప్రకటించాడు. ఎవరూ మొహమాటపడే సూచన కనిపించలేదు.

“పైలంగ పోయిరా అన్నా” అని సోమనర్సయ్య చేతులు జోడించాడు. “బాట దగ్గితే జెర పక్కకు జరుగు.”

కోత మిషను ఆయన మడిని ఎంతలో ముగించిందంటే, ఏ గట్టు ఎవరిదో డ్రైవరుకు వివరించడానికి కనకయ్య కూర్చుకున్న మాటలు సగంలోనే మిగిలిపోయాయి. డ్రైవరు దిగకుండానే దండం పెట్టి పోయాడు. గట్టినేల మీద పచ్చివడ్ల కుప్ప, దాని పక్కన కనకయ్య మిగిలారు.

వడ్లు ఆరాలి. తాలు పోవాలి. ఆరనిదే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. పొద్దున వడ్లను పలచగా ఆరబోయడం, గంట గంటకూ కాళ్ళతో సాళ్ళు తీసి తిరగేయడం, సాయంత్రం మళ్ళీ కుప్ప చేసి పరదా కప్పడం ఇద్దరు ముగ్గురు చేసే పని. కనకయ్య ఇంతకాలం ఆ పనిని గట్టు మీద నిలబడి చేసినవాడు. అంటే, చేసేవారికి చెప్పినవాడు. ఇప్పుడు చెప్పడానికి ఆయనకు ఆయనే మిగిలాడు. ఆ కూలి మాత్రం చెప్పిన మాట వినే రకం కాదు. మాటిమాటికీ నడుము పట్టుకొని కూర్చుంటాడు.

అన్నం కంచె మీదుగా వచ్చేది. మామిడికాయలు తెంపే పొడుగు కర్రకు చివర కట్టిన చిక్కంలో గిన్నె పెట్టి, సాయమ్మ ఈవలి నుంచి ఆవలికి అందించేది. ఒకనాడు కర్ర ఒరిగి మామిడికాయ పప్పంతా తుమ్మకొమ్మల మీద పారింది. కనకయ్య ఆ కొమ్మలను చూస్తూ ఉత్త అన్నం తిన్నాడు.

“పప్పు మంచిగైందా?” అని అడిగింది సాయమ్మ.

“కంచెనడుగు” అన్నాడు కనకయ్య.

ఇంకోనాడు పొద్దున్నే గాలి ఆగిపోయింది. ఎండ చురచురమంటుంటే కనకయ్య సంతోషించి వడ్లన్నీ నేల నిండా పలచగా ఆరబోశాడు. అన్నం వేళకు ఉత్తరాన మబ్బు లేచింది. మొదట కొండంత, చూస్తుండగానే సగం ఆకాశమంత. చల్లగాలి విసురుగా కొట్టి పరదా కొంగెత్తి ఎగిరింది. కనకయ్య పరదా పట్టుకుంటే పార పట్టడానికి చేయి లేదు; పార పడితే పరదా వాగు వైపు పోతున్నది. నాలుగు పారలు ఇటు లాగేసరికి ఒళ్ళంతా చెమట పట్టింది. ఏడాది కష్టం పాదాల కింద పరుచుకొని ఉన్నది. ఎవరిని పిలవాలి? వచ్చినవారెవరైనా తన నియమానికే బలి కావాలి. అయినా నోరు ఆగలేదు.

“సాయమ్మా” అని కేక వేశాడు.

సాయమ్మ అప్పుడే చిక్కం కర్రతో కంచె దగ్గరికి వచ్చింది. మబ్బును చూసింది, నేలమీది వడ్లను చూసింది, నడుమ చేతులాడిస్తున్న మొగుణ్ణి చూసింది. గిన్నె కింద పెట్టి, కర్ర పారేసి, కొంగు నడుముకు చుట్టి, ముళ్ళ నడుమ కాలు పెట్టింది.

అటువంటి వేళ కూడా కనకయ్యకు నియమం గుర్తొచ్చింది. “ఆగు, దాటితే రెండు వారాలు—”

“నోరు మూసి పార పట్టు” అన్నది సాయమ్మ. పిక్కల మీద ముళ్ళగీతలు నెత్తురు చిమ్ముతుండగా పరుగెత్తి వచ్చి, పరదా కొసను కాలికింద తొక్కిపట్టి రెండు చేతులా వడ్లు కుప్పకు తోయసాగింది.

వెనుక నుంచి ఇంకెవరో కంప విరుచుకొని వస్తున్న చప్పుడైంది. సోమనర్సయ్య. అతడు ఒక్క మాటా అనలేదు; అది అతని జీవితంలో అరుదైన ఘట్టం. ముగ్గురూ కలిసి లాగారు, తోశారు, ఊడ్చారు. కుప్ప మీద పరదా కప్పి, అంచులకు రాళ్ళు పేర్చి, నడుమ మోకు బిగించి కట్టిన మరుక్షణమే రాళ్ళవాన మొదలైంది. అంచున ఉన్న కొద్ది వడ్లు తడిశాయి. తక్కినది దక్కింది.

మోటారు కొట్టంలో ముగ్గురూ మూడు మూలల కూర్చున్నారు. రేకు మీద రాళ్ళ మోత తగ్గేదాకా ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. తగ్గిన తరువాత కనకయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“చెప్పు” అన్నది సాయమ్మ, పిక్కలోని ముల్లు పీక్కుంటూ. “నాలుక కొసనే ఉన్నది గద.”

“నేనెట్ల చెప్తనే?”

“నువ్వు చెప్పకుంటె ఎవరు చెప్తరు? నర్సయ్య చెట్లను ఎండబెట్టినవ్. నీ పెండ్లమని నన్ను పంపితె ఊళ్ళె తలెత్తుతవా?”

కనకయ్య “రెండు వారాలు” అన్నాడు. ఆ వెంటనే, “మీరు నన్ను ముట్టుకున్నరు గావట్టి, నాకు గూడ ఇయ్యాల్టి నుంచే మళ్ల మొదలు” అని తన గడిచిన రోజులను కూడా తానే కొట్టివేసుకున్నాడు.

“శిక్ష పడితె గిసుంటి శిక్ష పడాలె” అన్నాడు సోమనర్సయ్య, కొట్టం గుమ్మంలోంచి తన తాటిచెట్లను చూస్తూ. ఆ తరువాత అతని ముఖాన ఒక నవ్వు పుట్టి, ఎంతకూ పోలేదు.

ఆ మరునాటి నుంచి ఆ పొలంలో కొత్త కాపురం మొదలైంది. నులకమంచం ఒక్కటే ఉన్నది. ముళ్ళు గుచ్చుకున్న కాళ్ళు వాచినందున అది సాయమ్మకు దక్కింది. పెళ్లయిననాటి నుంచి ఆమె పగటిపూట మంచం మీద నడుము వాల్చడం ఊళ్ళో ఎవరూ చూడలేదు, కనకయ్యా చూడలేదు. గీతాంజలి రెండు మూడు రోజులకొకసారి కర్ర మీదుగా పప్పు, ఉప్పు, బియ్యం అందించేది. మూడు రాళ్ళ పొయ్యి మీద కనకయ్య వండేవాడు. పొయ్యి విషయంలో కూడా ఆయన వెంటనే నియమాలు ఏర్పరచాడు. ఎసరు ఎంత ఉండాలో, ఉప్పు ఎప్పుడు వేయాలో, మూత ఎటు తిప్పి పెట్టాలో సవివరంగా ప్రకటించాడు.

“రూలు మంచిగున్నది” అన్నది సాయమ్మ మొదటి ముద్ద తిని. “ఉప్పే లేదు.”

పగలు వడ్లు తిరగేయడమే పని. ఆయన సాళ్ళు తీస్తే ఆమె మంచం మీది నుంచి, “గా మూల ఇడిసినవ్. గట్ల గాదు, మడిమ ఆనిచ్చి తియ్యి” అని చెప్పేది. గట్టు మీది పెత్తనం ఎంత హాయిగా ఉంటుందో ఆమెకూ తెలిసివచ్చింది. నడుమ నడుమ పాత సంగతులు పడేవి. తమ పెళ్లినాడు బంతి ఎటు నుంచి మొదలుకావాలో తేలక పెళ్లికొడుకే లేచి వడ్డన ఆపించిన సంగతి ఆమె నోట విని, తాను అంత పని చేశానా అని కనకయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు.

సోమనర్సయ్య మాత్రం తన చెట్ల కింద వేరుగా గుడిసె వేసుకున్నాడు. ఎక్కి గీశాడు, కల్లు లొట్లు కట్టాడు. నాలుగు పొద్దులు పోయేసరికి చెట్ల నుంచి కల్లు పారసాగింది. గాలి వాగు మీదుగా ఊరి వైపు వీచింది. అంతే, ఇంతకాలం కంచె వైపు కన్నెత్తి చూడని పెద్దమనుషులు కూడా ముక్కుకు తువ్వాలలు కట్టుకొని, ఎడమెడంగా, ఎంతో క్రమశిక్షణతో కంచె ఈవల నిలబడసాగారు. అంతటి చక్కని వరుస చేతిపంపు దగ్గర కనకయ్య ఏనాడూ సాధించలేదు. మొదట చిక్కం కర్ర మీదుగా సీసాలు పోయాయి. తరువాత సీసా పట్టేంత సందు ఏర్పడింది. ఆ పైన ఏ కొమ్మ ఎవరు లాగారో ఎవరికీ తెలియదు.

వడ్ల పనిలో పడి కనకయ్య రెండు రోజులుగా ఆ వైపు చూడలేదు. గడువుకు ఇంకా కొన్ని రోజులుండగా, ఒక తెల్లవారుజామున కనకయ్య పండ్లపుల్ల కోసం వేపచెట్టు వైపు నడిచాడు. కల్వర్టు మీదికి వచ్చి నిలబడిపోయాడు. కంచె లేదు. బాట పక్కన నాలుగు ఎండు కొమ్మలు పడి ఉన్నాయి. మిగిలింది ఎవరి పొయ్యిలోకి పోయిందో. నడుమ బాట, ఎన్నో పాదాల గుర్తులతో, ఊరిదాకా తెరుచుకొని ఉన్నది. నీళ్ళకుండ మాత్రం ఎవరూ కదల్చలేదు, నిండుగా ఉన్నది.

పాత కనకయ్య అయితే ఆ నిమిషాన ఊరంతా మేల్కొనేటట్టు కేక వేసేవాడే. ఆయన నోరు తెరిచాడు కూడా. కాని ఇల్లు గుర్తొచ్చింది. కంచె లేదని తెలిస్తే సాయమ్మ లేచి ఇంటికి పోతుంది. పోగానే చీపురు పడుతుంది, బర్రె కింద కూర్చుంటుంది, మంచం ఎక్కదు. తాను ఈ బెంచీ మీదికి వస్తాడు. ఆలోచిస్తూ కాసేపు నిలబడి, పుల్ల విరుచుకొని, వచ్చిన దారినే తిరిగిపోయాడు. తన గడువు తాను ముగించవలసిందే; దానికి కొమ్మలతో పని లేదు. సాయమ్మకు ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నదానికి మాత్రం ఆయన దగ్గర ఏ నియమమూ లేదు.

సాయమ్మ మంచం మీద దుప్పటి కప్పుకొని మెలకువగానే ఉన్నది.

“ఎటు పోయినవ్?”

“పండ్లపుల్లకు.”

“కంచె ఎట్లున్నది?”

కనకయ్య పుల్ల నమిలాడు. “ఉన్నది” అన్నాడు.

“గట్టిగున్నదా?”

“మస్తు గట్టిగున్నది. పిల్లి గూడ దూరదు.”

సాయమ్మ ముఖం గోడ వైపు తిప్పుకున్నది. నిన్న మధ్యాహ్నం ఆయన వాగులో నీళ్ళు పోసుకుంటుండగా గీతాంజలి పెరుగుగిన్నె చేత్తో పట్టుకొని ఈ కొట్టం దాకా నడిచివచ్చి, అత్తతో కాసేపు ముచ్చట పెట్టి పోయిన సంగతి ఆయనకు తెలియదు. దుప్పటి కింద ఆమె భుజాలు కదలడం చూసి, చలి పెడుతున్నదనుకొని, తన బొంత కూడా తెచ్చి పైన కప్పాడు.

నవ్వు అణచుకొని, గొంతు సవరించుకున్న తరువాత ఆమె అడిగింది.

“అయితె ఇయ్యాల కూరేం జేస్తవ్?”